టేకు ఫిరంగి

గణతంత్ర దినం నాడు ఉదయం ఆరింటికి బయలుదేరితే ఏడున్నరకల్లా జిల్లా కేంద్రం చేరవచ్చు, తొమ్మిదింటి పరేడ్‌కు ముందు స్థిమితంగా ఇడ్లీ కూడా తినవచ్చు అనుకున్నాడు జస్టిన్. ఆ రోజంతటిలో అతను స్థిమితంగా చేసిన పని అలా అనుకోవడమొక్కటే.

జస్టిన్ టేకులపల్లి దగ్గర ఒక మిషన్ స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు. ఈసారి స్కూలు శకటంగా సైన్యం వాడే టీ-72 ట్యాంకును తయారు చేశాడు. కింద డ్రైవర్ బలరాం ట్రాలీ ఆటో, పైన ప్లైవుడ్, పక్క చక్రాలకు పెయింటు బకెట్ల మూతలు. అంతవరకు ఏ గొడవా లేదు. ఖానాపురం హవేలి నుంచి మామ అంతోనయ్య వచ్చి ఫిరంగిని చూశాకే మొదలైంది.

అంతోనయ్య ఇరవై రెండేళ్లు సైన్యంలో ట్యాంకు నడిపినవాడు. ఆ ఇంజను రొద ఆయన వినికిడిని దాదాపు తినేసింది. చెవి దగ్గర అరిస్తేనే వినబడుతుంది. అన్నేళ్లలో ఒకే ఒక్కసారి ఢిల్లీ పరేడ్‌కు పేరు వచ్చింది. సరిగ్గా ఆ వారమే ఒళ్లంతా ఆటలమ్మ పోసింది. తన ట్యాంకును వేరెవరో నడుపుతుంటే ఆస్పత్రి మంచం మీంచి టీవీలో చూశాడు. డెబ్బై దాటినా ఆ ముల్లు మనసులోంచి పోలేదు. ఈ చెక్క ట్యాంకులోంచైనా లేచి నిలబడి జెండాకు సెల్యూట్ చేయాలని మెడల్స్ తోముకుని వచ్చాడు.

"గిది ఫిరంగా, బోరు పైపా? అప్పుడే ముందటికి వంగింది" అన్నాడు పీవీసీ గొట్టాన్ని చూసి. మర్నాడే తన పాత పెంకుటింటి వాసాన్ని కిరాయి ఆటోలో వేయించుకుని తెచ్చాడు. ఎనభై ఏళ్ల టేకు. "ఇగ చూడు, వంగదు."

వంగలేదు. అదే కొంప ముంచింది.

పొగమంచులోంచి ఫిరంగి ముందు పెట్టుకుని వస్తున్న ట్యాంకును చూసి, మొదటి మలుపులోనే పోలీస్ చెక్‌పోస్ట్ కానిస్టేబుల్ గేటు దించేసి లోపలికి పరుగెత్తాడు. ఎస్సై వచ్చాడు. ఎవరు పంపారు, ఎక్కడికి, ఎందుకు అన్న మూడు ప్రశ్నలనే మార్చి మార్చి అడిగాడు. ఏడైంది. పరేడ్ మైదానం నుంచి హెడ్మిస్ట్రెస్ ఫ్లోరెన్స్ సిస్టర్ నాలుగోసారి ఫోన్ చేసింది.

"ఎక్కడున్నరు జస్టిన్?"

"దగ్గర్లనే ఉన్న సిస్టర్."

స్కూలుకు దగ్గర్లో ఉన్న మాట నిజమే. జస్టిన్‌కు ఓపిక పోయింది. "సార్, గిది ఉత్త కర్ర. కొట్టి చూడుండ్రి, అసలు టేకు" అంటూ ఫిరంగిని టకటకా కొట్టి చూపించాడు. ఎస్సై కొట్టాడు. కానిస్టేబుల్ కూడా కొట్టాడు. ఎస్సై మంచివాడు కాబట్టి, ముందు మళ్లీ ఎవరూ ఆపకుండా కాగితం రాసి ముద్ర వేసి ఇచ్చాడు. 'సదరు ట్యాంకును స్వయంగా తనిఖీ చేసితిని. ఆయుధము కాదు. ఫిరంగి అసలు టేకు కర్ర.'

ఏడు నలభైకి ఫారెస్ట్ చెక్‌పోస్ట్ దగ్గర సెక్షన్ ఆఫీసర్ రామకృష్ణ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"పర్మిట్ ఏది?"

"దేనికి సార్?"

"టేకుకు. పోలీసోళ్లే రాసిచ్చిన్రు గద."

"సార్, గిది ట్యాంకు సార్."

"ట్యాంకైతే నాకు సంబంధం లేదు. మిలిటరీ కాగితం చూపెట్టి పోండ్రి. కర్రయితే పర్మిట్ చూపెట్టుండ్రి. రెండిట్ల ఏందో మీరే చెప్పుండ్రి."

అరగంట క్రితం ఇది ట్యాంకు కాదని బల్లగుద్ది చెప్పిన జస్టిన్, ఇప్పుడు ట్యాంకేనని నిరూపించవలసి వచ్చింది. మామ చెవిలో సంగతి అరిచాడు. ట్యాంకు గురించి అడగాలే గాని అంతోనయ్య ఆగుతాడా? మాజీ సైనికుల కార్డు తీసి చేతిలో పెట్టి, "నలభై ఒక్క టన్నులు. ఏడువందల ఎనభై హార్స్‌పవర్. పన్నెండు సిలిండర్లు" అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. రామకృష్ణ అన్నీ రాసుకుని బలరాం వైపు తిరిగాడు.

"నీ బండి ఎంత మోస్తది?"

"అర టన్ను సార్" అన్నాడు బలరాం, దాచకుండా.

"అయితే ఓవర్‌లోడ్ కూడా."

"ఫిరంగి కోసి ఈడనే పెడ్త సార్. మిగిలింది పోనియ్యుండ్రి" అన్నాడు జస్టిన్.

"సాక్ష్యం కోస్తవా? అది ఇంకో కేసు."

అల్లుడు బండిలోంచి రంపం తీయడం చూసి అంతోనయ్యకు వినకుండానే అర్థమైంది. "అది కోస్తే నేను దిగిపోత అల్లుడా. గది లేకుంటే గిది ట్రాక్టర్" అని, మెల్లగా దిగి బెంచీ మీద కూర్చున్నాడు. మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. పెళ్లయిన పదేళ్లలో మామ తనను కోరిన కోరిక ఇదొక్కటే. జస్టిన్ రంపాన్ని మళ్లీ బండిలో పెట్టేశాడు.

ఎనిమిదింబావుకు రామకృష్ణ ఫోన్ మోగింది. అవతల రేంజ్ ఆఫీసర్ అరుపులు అంతోనయ్యకు కూడా వినిపించాయి. అటవీ శాఖ శకటం కాలవలో పడింది. మొక్కలు కొట్టుకుపోయాయి, అట్ట పులి నానిపోయింది. తొమ్మిదిలోపు ఇంకేదైనా తేకపోతే అందరి సంగతీ చూస్తాడట. రామకృష్ణ ఫోన్ పెట్టేసి ట్యాంకు వైపు చాలాసేపు చూశాడు.

"మీరు డ్రాయింగ్ సార్ గద. బోర్డు ఎంత జల్దీ రాస్తరు?"

పది నిమిషాల్లో జస్టిన్ తన చేత్తోనే రాసిచ్చాడు: 'అక్రమ కలప రవాణా – అటవీ శాఖ పట్టివేత'. మామను లోపల కూర్చోబెట్టాకే దాన్ని ట్యాంకు నడుముకు కట్టారు. ఇద్దరు ఫారెస్ట్ వాచర్లు లాఠీలతో చెరోపక్క ఎక్కారు. ముందు డిపార్టుమెంటు జీపు సైరన్ వేసుకుంటూ నడిచింది. ఓవర్‌లోడ్ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. తొమ్మిదికి ఐదు నిమిషాలుందనగా మైదానంలో దిగారు.

బ్యాండు హోరులో అంతోనయ్య ట్యాంకు మూత తెరుచుకుని లేచాడు. మైకులో వ్యాఖ్యాత అందుకున్నాడు. "సైనికుడి వేషంలో టేకు తరలిస్తున్న ఈ దొంగను మన అటవీ సిబ్బంది ఎలా పట్టుకున్నారో చూడండి. దొంగ ఎంత బాగా సెల్యూట్ కొడుతున్నాడో కూడా చూడండి." జనం నవ్వుతూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అంతోనయ్యకు ఒక్క మాటా వినబడలేదు. లేచి నిలబడిన జనం కనిపించారు, ఎదురుగా జెండా కనిపించింది. చెయ్యి నుదుటి దగ్గరే నిలిపాడు. చెంపల మీదికి కారిన నీళ్లు తుడుచుకోవడానికైనా ఆ చెయ్యి దించలేదు.

"అందరు లేచిన్రు, చూసినవా అల్లుడా?" అన్నాడు కిందికి దిగాక.

"చూసిన మామా."

"మైకుల నా గురించి ఏమన్నడు?"

జస్టిన్ ఆయన చెవి దగ్గరికి వంగాడు. "ఇరవై రెండేళ్లు దేశం కోసం ట్యాంకు నడిపిండని చెప్పిండు" అని గట్టిగా అరిచాడు. పక్కనే ఉన్న వాచర్లు విన్నారు. ఇద్దరూ లాఠీలు కింద పెట్టి అంతోనయ్యకు సెల్యూట్ చేశారు.

స్కూలు పేరు గైర్హాజరు జాబితాలో చేరింది. ఫిరంగి సాక్ష్యంగా రేంజ్ ఆఫీసుకు వెళ్లింది. మొదటి బహుమతి అటవీ శాఖకు వచ్చింది. రామకృష్ణ వేదిక ఎక్కి, నిగనిగలాడే మోకాలెత్తు షీల్డును అందుకుని జీపులో వేసుకుని వెళ్లాడు. ఆ షీల్డు కూడా టేకుదే. దానికి పర్మిట్ ఎవరూ అడగలేదు.