గురుత్వాకర్షణ: ఆవశ్యకత, లాభాలు, నష్టాలు

ఉత్తర గండక్ విశ్వవిద్యాలయం పరిధిలో విద్యాప్రమాణాలు ఏటేటా పెరుగుతున్నాయని సవినయంగా మనవి. నమ్మని వారు పరీక్షలకు వారం ముందు మాధోపుర్ చౌరస్తాలో లల్లన్ ఫొటోస్టాట్ దగ్గరికి వెళ్లి చూడవచ్చు. భౌతికశాస్త్రం వాళ్లు, ఇంజనీరింగు వాళ్లు, లా వాళ్లు, రేపో మాపో మాస్టర్లు కాబోయే బి.ఎడ్. వాళ్లు, అందరూ ఒకే వరుసలో ఒకరి వీపు మీద ఒకరు వాలి నిలబడి ఉంటారు. జ్ఞానానికి శాఖాభేదాలు లేవన్న మాట అక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. విశ్వవిద్యాలయానికి గ్రంథాలయం కూడా ఉంది. పుస్తకాలు పాడవకుండా దానికి తాళం వేసి ఉంచారు.

ఆ వరుసంతా కదిలేది ఆచార్య నోట్సు కోసం. డాక్టర్ సి.పి. ఆచార్య, స్వర్ణపతక విజేత. ఆవిరి బాయిలరు మొదలు బాలల మనస్తత్వం వరకు, భారత శిక్షాస్మృతి మొదలు కాంతి వక్రీభవనం వరకు ఆయన చేతిరాత పడని సబ్జెక్టు లేదు. అక్షరాలు ముత్యాలు. మార్జిను గీత ఎద్దులు దున్నిన చాలులా తిన్నగా ఉంటుంది. ఇంతటి పండితుడు ఎక్కడుంటాడని ఎవరైనా అడిగితే, లల్లన్ సాహ్ గాలిలోకి చెయ్యి చూపించి, "బెనారస్‌లో ఉంటారు. మౌనవ్రతం" అనేవాడు.

నిజానికి ఆచార్య అనే మనిషి లేడు. లల్లనే పుట్టించి, పతకం కూడా లల్లనే ఇచ్చాడు. రాసేది మాత్రం రామ్‌టోలా మిడిల్ స్కూల్లో కాంట్రాక్టు మాస్టారు జలేశ్వర్ మండల్. ఆయన చదివింది బి.ఎస్సీ. ఇంజనీరింగుతో ఆయనకున్న పరిచయమల్లా చక్కెర మిల్లు గేటు బయటి నుంచి చూసిన పొగగొట్టం. న్యాయశాస్త్రం అంటారా, వాళ్ల నాన్న పొలం గట్టు కేసులో ఓడిపోయాడు. ఆ అనుభవం చాలింది.

మండల్ మాస్టారి పద్ధతి ఒక్కటే. నిర్వచనం, ఆవశ్యకత, రకాలు, లాభాలు, నష్టాలు, ముగింపు. మన విశ్వవిద్యాలయంలో పది మార్కుల ప్రశ్నకు పది పాయింట్లు ఉండాలి. దిద్దేవారు కూరగాయల బండి దగ్గర నిమ్మకాయలు లెక్కపెట్టినట్టు వేలితో పాయింట్లు లెక్కపెట్టి మార్కులు వేస్తారు. అందుకని మాస్టారు ఏ విషయాన్నయినా ఆ చట్రంలో కూర్చోబెట్టేవారు. గురుత్వాకర్షణ వల్ల ఎనిమిది లాభాలు, ఆరు నష్టాలు రాశారు. ఆరో నష్టం, 'వృద్ధులు జారిపడుట'. బాలుడికి నిర్వచనం, రకాలు, పరిమితులు రాశారు. హత్య దగ్గర మాత్రం కాసేపు కలం ఆగింది. లాభాలు రాయకపోతే విద్యార్థికి నాలుగు మార్కులు పోతాయి. చివరికి 'సంబంధిత పక్షాలకు తాత్కాలిక ప్రయోజనము' అని రాసి బయటపడ్డారు. ఆ ఏడాది లా విద్యార్థులందరూ అదే రాశారు. ఇప్పుడు వాళ్లలో చాలామంది నల్లకోట్లు వేసుకున్నారు.

మాస్టారికి తన గురించి భ్రమలు లేవు. "మనది దర్జీ పని" అనేవారు భార్య శైల్‌తో. "కొలత ఒక్కటే. ఎవడొచ్చినా అదే చొక్కా."

"ఆ చొక్కా తొడుక్కున్నవాళ్లు ఇంజనీర్లయ్యారు. కుట్టినాయన ఇంకా కాంట్రాక్టులోనే ఉన్నాడు" అనేది శైల్, సత్తు పిండి కలుపుతూ.

ఇలా ఉండగా ప్రభుత్వం విద్య మీద దయ తలచి ఒక ఉత్తర్వు జారీ చేసింది. బి.ఎడ్. పాసుకాని కాంట్రాక్టు మాస్టర్లందరూ జూన్ నాటికి పాసు కావాలి, లేదా ఇంటికి వెళ్లాలి. పదిహేడేళ్లుగా పాఠం చెబుతున్న మండల్ మాస్టారు నలభై మూడో ఏట, పాఠం చెప్పడమెలాగో నేర్చుకోవడానికి పేరు నమోదు చేయించుకున్నారు. భయపడలేదు. ప్రశ్నపత్రం విప్పితే పది ప్రశ్నలూ తన నోట్సులోనివే. తన పెరట్లో తనే కూరగాయలు కోసుకున్నట్టు హాయిగా రాసి ఇంటికొచ్చారు.

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. అక్రమాల విచారణ సంఘం ముందు హాజరు కావలెను.

నేరం గట్టిదే. ఆ పరీక్ష రాసిన తొమ్మిదివందల మందీ ఆచార్య నోట్సునే అక్షరం పొల్లుపోకుండా రాశారు. కానీ ఎవరి చేతిరాతలో వారు రాశారు. దాన్ని విశ్వవిద్యాలయం స్వయంకృషిగా గుర్తిస్తుంది. ఈ జలేశ్వర్ మండల్ అనే అభ్యర్థి మాత్రం చేతిరాతతో సహా నకలు కొట్టాడు. నోట్సు పేజీలనే లోపలికి తెచ్చి జవాబుపత్రంలో కుట్టేశాడని పరీక్షకుడి అనుమానం.

మాస్టారు నేరుగా లల్లన్ దగ్గరికి వెళ్లారు. "భయ్యా, ఒక్కసారి వచ్చి నిజం చెప్పు. నా కొలువు పోయేలా ఉంది."

లల్లన్ గల్లాపెట్టె మీది దేవుడి పటానికి అగరొత్తి తిప్పడం ఆపి, జాలిగా చూశాడు. "మాస్టర్ సాబ్, మీ కోసం ప్రాణమైనా ఇస్తాను. కానీ ఆచార్యగారు లేరని నేనెలా చెప్పను? ఆయన లేకపోతే ఈ జిల్లాలో ఇన్ని పట్టాలు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? నా బావమరిది ఆయన నోట్సు చదివే వంతెనల శాఖలో ఉన్నాడు. రోజూ వాడు కట్టిన వంతెన మీంచే మా పిల్లలు బడికెళ్తారు. నేను రాత్రిళ్లు నిద్రపోవాలా వద్దా?"

మాస్టారు ఒంటరిగానే సంఘం ముందు నిలబడ్డారు. సంఘంలో నలుగురు. భౌతికశాస్త్ర శాఖాధిపతి, ఇంజనీరింగు డీను, లా ప్రొఫెసరు, బి.ఎడ్. కాలేజీ ప్రిన్సిపాల్ మేడమ్. నలుగురూ ఈ విశ్వవిద్యాలయం బిడ్డలే. మొదట డీనుగారు ఉపన్యసించారు.

"నైతిక విలువలు ఈ సంస్థకు పునాది. ఆ మహానుభావుడు ఆచార్యగారు తన జీవితాన్ని అరగదీసి రాసిన మాటల్ని, కనీసం చేతిరాతయినా మార్చకుండా దొంగిలించడం మన సంస్కృతికి తగునా అని అడుగుతున్నాను. మేమూ చదివాం. మేమూ రాశాం. కానీ హద్దులో ఉన్నాం."

"అయ్యా, ఆ ఆచార్యను నేనే" అన్నారు మాస్టారు.

గదిలో ఎవరో సమోసా నమలడం ఆపారు.

"మీరా?" అని మేడమ్ మాస్టారి చెప్పుల వైపు చూసి, "ఆయన స్వర్ణపతక విజేత" అంది.

పరీక్షించడానికి మాత్రం ఒప్పుకున్నారు. శాఖాధిపతి గురుత్వాకర్షణ అడిగారు. మాస్టారు లాభాలు మొదలుపెట్టారు. మూడో లాభం దగ్గరికి వచ్చేసరికి శాఖాధిపతి పెదవులు కదిలాయి, అయిదో లాభం దగ్గర డీనుగారు తాళం అందుకున్నారు, నష్టాలకు వచ్చేసరికి నలుగురూ కళ్లు మూసుకుని భజన మందిరంలో లాగా ఒకే గొంతుతో పాడుతున్నారు. 'వృద్ధులు జారిపడుట' అయ్యాక మేడమ్ కళ్లు తుడుచుకుంది. చదువుకున్న రోజులు గుర్తొచ్చాయట.

లా ప్రొఫెసరు ముందుగా తేరుకున్నారు. "ఇది రుజువు కాదు. మాక్కూడా కంఠతా వచ్చు. అంతమాత్రాన మేం ఆచార్యులమా?"

తర్కం తిరుగులేనిది.

"అయితే ఒక పని చెయ్యండి" అన్నారు లా ప్రొఫెసరు. "నోట్సులో లేనిది ఏదైనా, ఇక్కడే మా ఎదుట రాయండి. చేతిరాత సరిపోలితే వదిలేస్తాం. మీరు మాస్టరు ఎందుకు కావాలనుకుంటున్నారో రాయండి. సొంత మాటల్లో."

మాస్టారు కాగితం ముందు కూర్చున్నారు. నాలుగు శాఖల జ్ఞానాన్ని తెల్లకాగితం మీద పరిచిన చెయ్యి ఒక్క మాట కోసం అడుక్కోవలసి వచ్చింది. సొంత మాటలు ఇంట్లో ఎక్కడో పెట్టి మరిచిపోయినట్టుంది. 'ఉపాధ్యాయ వృత్తి: నిర్వచనం' అని రాసి కొట్టేశారు. చాలాసేపటికి, మెల్లగా ఇలా రాశారు.

"మా ఆరో తరగతిలో ఫూల్మతి అని ఒక పిల్ల ఉంది. నేల గుండ్రంగా ఉంటుందన్నారు కదా సార్, మరి వరదొస్తే నీళ్లు జారిపోకుండా మా టోలా గుడిసెల మధ్యే ఎందుకు నిలబడతాయి అని అడిగింది. అది పరీక్షలో రాదు, కూర్చో అన్నాను. నాకు జవాబు తెలియక అలా అన్నాను. ఆ పిల్ల మళ్లీ ఏదీ అడగలేదు. అడిగేదాకా అక్కడ ఉండాలని ఉంది."

సంఘం ఆ కాగితాన్ని చేతులు మార్చుకుంటూ చూసింది.

"పాయింట్లు లేవు" అన్నారు డీనుగారు.

"నిర్వచనం కూడా లేదు" అంది మేడమ్.

శాఖాధిపతి భూతద్దం పెట్టి చూశారు. "చేతిరాత కూడా వేరు. ఆచార్యగారి నోట్సులో ఒక్క కొట్టివేత ఉండదు. ఇందులో ఏడున్నాయి. అక్షరాలు వణికాయి."

నిజమే. నోట్సు రాసేటప్పుడు ఆయన, ఆ హత్య దగ్గర తప్ప, ఏనాడూ ఆలోచించలేదు. ఆలోచిస్తూ రాసేసరికి అక్షరం వంకర పోయింది. జలేశ్వర్ మండల్ ఆచార్య కాదని శాస్త్రీయంగా తేలింది. ఆయన పరీక్ష రద్దు చేశారు. జూన్‌లో ఉద్యోగం పోవలసిందే గాని, ప్రభుత్వం గడువు ఏడాది పొడిగించింది. ప్రభుత్వం దగ్గర కూడా బి.ఎడ్. పాసైన వాళ్లు తక్కువున్నారు.

విచారణ కాగితాలు ఫైలుకు నకళ్లు తీయించాలి కాబట్టి గుమాస్తా వాటిని లల్లన్ ఫొటోస్టాట్‌కే పట్టుకెళ్లాడు. లల్లన్ చదివాడు. మాస్టారు రాసిన కాగితం నకలు ఒకటి తన దగ్గర ఉంచుకున్నాడు. కొత్త నోట్సులో అది 'ఉపాధ్యాయ వృత్తి: నా ప్రేరణ' అనే పేరుతో పది పాయింట్లలో వచ్చింది. ఆరో పాయింటు 'పశ్చాత్తాపము'. ఫూల్మతి అనే పేరు మరీ పల్లెటూరి బాపతుగా ఉందని దాన్ని అనన్య అని మార్చాడు.

మరుసటి ఏడు బి.ఎడ్. పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. తొమ్మిదివందల మంది అభ్యర్థుల ఆరో తరగతుల్లో తొమ్మిదివందల మంది అనన్యలు లేచి వరద గురించి అడిగారు. తొమ్మిదివందల మందీ సిగ్గుపడ్డారు. నిజాయితీకి పదికి పది వేశామని పరీక్షకులు పత్రికలకు చెప్పారు. మండల్ మాస్టారు ఎందుకైనా మంచిదని ఎడమచేత్తో రాశారు. రెండు మార్కులు తక్కువై తప్పారు. సమాచార హక్కు కింద జవాబుపత్రం తెప్పించుకుని చూస్తే, ఆ ప్రశ్నకు నాలుగు మార్కులు, పక్కన ఎర్ర సిరాతో ఒక వాక్యం ఉన్నాయి.

'బాలిక పేరు తప్పు.'

"మరి ఆ పేరేదో రాసి చావరాదూ" అంది శైల్. "పిల్లెవరో మీకు తెలుసుగా. కాగితం మీద ఏముంటే ఏం?"

గడువు మళ్లీ పొడిగించారు. మాస్టారు లల్లన్ దగ్గర వరుసలో నిలబడి నోట్సు కొనుక్కున్నారు. తన పశ్చాత్తాపాన్ని పది పాయింట్లుగా పొద్దున్నా సాయంత్రం వల్లె వేశారు. మొదటి శ్రేణిలో పాసయ్యారు. ఉద్యోగం నిలిచింది. మేడమ్ స్వయంగా పట్టా అందిస్తూ, పట్టుదల ఉంటే ఏ వయసులోనైనా మనిషి మారతాడనడానికి వీరే నిదర్శనం అని చెప్పింది.

మర్నాడు బళ్లో ఆయన ఎనిమిదో తరగతి హాజరు తీసుకుంటున్నారు. పేర్ల మధ్యలో నోరు దానంతటదే "అనన్య" అని పిలిచింది. ఆయనకు తప్పు తెలియలేదు. మూడో బెంచీలో ఫూల్మతి లేచి నిలబడి, "హాజర్ సార్" అంది.

బోర్డు పరీక్షలో తన పేరుగా కూడా ఆ పేరే రాయాలని వాళ్ల ట్యూషన్ సారు ముందే చెప్పాడట.