వంద టన్నుల మనిషి మెనూ

అర్జునరావు బరువు తొంభై ఒక్క కిలోలని తేలిన రోజు నుంచీ, గాజువాకలో ఆయన ఉంటున్న మూడో అంతస్తు వాటాలో చేపల పులుసుకి కొలత వచ్చిపడింది. ఆయన భార్య, మేనమామ కూతురు కూడా అయిన నూకాలు, పళ్లెంలో లెక్కగా రెండు ముక్కలు వేసి గిన్నె మీద మూత పెట్టేస్తోంది.

రెండు ముక్కలంటే ఉప్పు చూడటానికి సరిపోతాయి. నాలుగుంటేనే అది భోజనమని అర్జునరావు నమ్మకం. ఆ మిగతా రెండూ ఎలా రాబట్టాలా అని మూడు వారాలు బుర్ర బద్దలు కొట్టుకుని, ఒక ఆదివారం పొద్దున్నే వంటింటి గోడకి ఒక కాగితం అంటించాడు.

"ఏటి బావా ఇది?" అంది నూకాలు.

"పౌష్టికాహారం మెనూ. మా ఉక్కు ప్లాంటులో ఆరోగ్య శిబిరం ఎట్టి కాగితాలు పంచినారు, అది సూసి రాసినాను. కూకుని పనిసేసే మగోడికి రోజుకి రెండు వేల వంద కేలరీలు సాలంట. బరువు పని సేసేవోడికి మూడు వేల నాలుగొందలు గావాల. నాను సెప్పింది కాదు, డాక్టర్లు సెప్పినారు."

మెనూ దివ్యంగా ఉంది. పొద్దున్న ఇడ్లీలు ఎనిమిది, మధ్యాహ్నం అన్నం, పప్పు, చేప ముక్కలు నాలుగు, రాత్రి మళ్లీ నాలుగు. ఆకుకూర పక్కన మాత్రం 'వీలైతే' అని రాసి ఉంది.

"అయితే నీది బరువు పనా?"

"కాదేటి? కరిగిన ఉక్కు పోసే గిన్ని ఒక్కోటీ వంద టన్నులు. షిఫ్టుకి ఎన్ని ఎత్తుతన్నానో నీకేటి తెలుసు?"

"ఎత్తేది క్రేను కదా బావా. నువ్వు పైన ఏసీ కేబిన్లో కూకుని మీట నొక్కుతావు."

"ఆ నొక్కేది ఎవులు?"

"నీ ఏలు. పోనీ ఆ ఏలికి ఎన్ని కేలరీలో రాసినారేటి?"

అర్జునరావు వినబడనట్టు స్నానానికి వెళ్లిపోయాడు. ఆయన చేసిన పొరపాటల్లా అసలు కాగితం చొక్కా జేబులో వదిలేసి వెళ్లడమే. నూకాలు దాన్ని తీసి రెండువైపులా చదివింది.

మధ్యాహ్నం నూకాలు పళ్లెంలో నాలుగు ముక్కలున్నాయి. ఆయన పళ్లెంలో రెండు ముక్కలూ, వాటిని కప్పేస్తూ గుప్పెడు తోటకూరా ఉన్నాయి.

"ఇదేటే?"

"బరువు పని సేసే ఆడదానికి రెండు వేల ఏడొందలంట. కూకునే మగోడికన్నా ఆరొందలు ఎక్కువ. ఆ గడి నువ్వు ఎక్కించనేదు."

"సోటు సాల్నేదు," అని గొణిగాడు అర్జునరావు. "నీదేటి బరువు పని?"

"మోటారు పాడైపోయి పది రోజులైంది. మూడంతస్తులూ రోజుకి పది బిందెలు మోత్తన్నది ఎవులు? నువ్వు మొయ్యి, రేపటినుంచి నాలుగు ముక్కలూ నీకే."

ఆ మాటతో అర్జునరావుకి పౌరుషం వచ్చింది, ఆకలి ఎలాగూ ఉంది. మొదటి బిందె భుజాన పెట్టుకుని పెళ్లికొడుకులా ఎక్కాడు. నాలుగో బిందెకి రెండో అంతస్తులో చతికిలబడి, అక్కడి వాటాలో ఉండే పుష్పని మంచినీళ్లడిగాడు. పదో బిందె దించేసరికి ఆయనకి తన పేరు కూడా గుర్తులేదు.

మర్నాడు నాలుగు ముక్కలు పడ్డాయి. ఒకరోజు ఊరిన పులుసు, అందులోనూ కష్టపడి సంపాదించింది. పాపం, కళ్లు చెమర్చాయి.

అప్పటినుంచి ఏ షిఫ్టయినా సరే, పది బిందెలూ ఆయనవే. మూడు వారాలు గడిచాయి. ప్యాంటు జారిపోతుంటే బెల్టుకి కొత్త చిల్లు పొడిపించుకుని, మళ్లీ బిందె ఎత్తాడు.

ఆ రోజు పుష్ప మెట్ల మీద ఎదురైంది.

"ఏటి అన్నియ్యా, ఇంకా మోత్తన్నావు? మోటారు బాగుసేసి పదిహేను రోజులైపోయింది కదా. మా కుళాయిలో ధారగా వత్తన్నాయి."

అర్జునరావు ఆయాసంతోనే పైకెళ్లి భార్యని నిలదీశాడు. నూకాలు తాపీగా చేపలు కడుగుతోంది.

"అవును బావా, మన వాటాకి నీళ్లొచ్చే వాల్వు నానే కట్టేసినాను. నీ బరువు ఎనబై ఐదుకొచ్చింది. బరువు తగ్గాలంటే మెట్లెక్కాలని నీ కాగితం ఎనకాల డాక్టర్లే రాసినారు, అదే సేయించినాను. ఇప్పుడే తిప్పేత్తాను. కాపోతే నీది మల్లా కూకునే పని అయిపోద్ది, ముక్కలు రెండే. తిప్పేదా?"

అర్జునరావు చట్టిలో వంజరం ముక్కలు లెక్కపెట్టాడు.

"తిప్పకు," అని బిందె తీసుకుని కిందికి దిగాడు.