వద్దనలేని పుదీనా

మూడో అంతస్తు హతనాకా వారి పుదీనా వేళ్ళు వాననీళ్ళు పోయే గొట్టంలోంచి దిగి తమ బాల్కనీలో తలెత్తాయని రెండో అంతస్తు సెరిజావా గారు అన్నారట. ఆ 'అన్నారట'ను పక్కింటి కురమోచి గారు చెత్త సంచి పడేయడానికి వెళ్తూ, ఎంతో మర్యాదగా హతనాకా వారి ఇల్లాలు కినుయో చెవిన వేసింది. అంత మర్యాదగా చెప్పిందంటే, ఒకే మెట్లెక్కి దిగే ఆ మెట్లవైపు ఇళ్ళన్నిటికీ ఎప్పుడో తెలిసిపోయిందన్నమాట.

కినుయో గుండెల్లో రాయి పడింది. మర్నాడు పొద్దున్నే భవనానికి రంగులు వేసే పనివాళ్ళు వస్తున్నారు. పరంజా కట్టాలంటే బాల్కనీల్లో పూచికపుల్ల ఉండకూడదు. ఈ ఏడాది ఆ మెట్లవైపు ఇళ్ళకు పెద్దరికం వంతు కినుయోదే. "ఒక్క కుండీ కూడా ఉంచకండి" అని తలుపు తలుపూ తట్టి, వంగి వంగి చెప్పి వచ్చింది కూడా తనే.

తన బాల్కనీలో మాత్రం కాలు పెట్టే చోటు లేదు. మొగుడు తమోత్సు ఉద్యోగం విరమించిన వేసవిలో ఎక్కడో ఐస్‌క్రీం మీద గుచ్చి ఇచ్చిన పుదీనా రెమ్మను జేబులో వేసుకొచ్చి గ్లాసు నీళ్ళలో పెట్టాడు. అది వేరు వేసింది. అక్కడితో ఆయన ఊరుకున్నాడా? చేపలొచ్చిన థర్మకోల్ పెట్టె, మాడిపోయిన కుక్కర్ గిన్నె, మనవడి పగిలిన ఎర్ర బకెట్టు, నూడుల్స్ కప్పులు, దేన్నీ వదల్లేదు. వానల నెల దాటేసరికి బట్టలారేసే గడ కూడా పుదీనాలో మునిగిపోయింది.

"ఏవండీ, సాయంత్రానికి ఇదంతా మాయం కావాలి."

"ఎక్కడ పారెయ్యమంటావ్? చెత్తబండి వాళ్ళు మట్టి తీసుకోరుగా."

"కింద తోటలో పాతెయ్యండి."

"పుదీనాని నేలలోనా! వచ్చే ఏడాదికి మనమే వెళ్ళి పుదీనాలో కాపురం పెట్టాలి. దీన్ని కుండీలో కట్టెయ్యాల్సిందే."

"అయితే పంచేద్దాం" అంది కినుయో. ఆ పూట ఆమె అనకుండా ఉండాల్సిన మాట అదొక్కటే.

కుక్కర్ గిన్నెను కురమోచి గారు రెండు చేతులా అందుకుంది. "అబ్బ, ఎంత ఘుమఘుమలాడుతోందండీ! ఇంత మంచిది మాకెందుకండీ!" పై అంతస్తులో ఒంటరిగా ఉండే ఇవాబుచి తాత థర్మకోల్ పెట్టెకు వంగి నమస్కరించాడు. ఎర్ర బకెట్టు చూసిన సెరిజావా గారు "మా ఇంట్లో ఇప్పటికే..." అని ఆగి, "ఎంత అదృష్టమో!" అని ముగించింది.

పుచ్చుకున్నవాళ్ళు ఊరికే ఉంటారా? కాసేపటికే కురమోచి గారింటి నుంచి గిన్నెడు వంకాయ ఊరగాయ, సెరిజావా గారింటి నుంచి పళ్ళెంలో కర్బూజా ముక్కలు, తాత నుంచి బార్లీ టీ పొట్లం వచ్చాయి. గిన్నెలు ఖాళీగా తిరిగి పంపడం ఎక్కడైనా ఉందా? తమోత్సు వాటిలో పుదీనా కప్పులు పెట్టి పంపాడు. వాటికి మళ్ళీ బిస్కట్లు వచ్చాయి. ఆయనకు ఆనందం పట్టలేదు. కత్తెర పుచ్చుకుని కొమ్మలు తుంచి కొత్త కప్పుల్లో గుచ్చసాగాడు.

"మీరు తగ్గిస్తున్నారా, పెంచుతున్నారా?"

"పంచడానికి చాలట్లేదే! మన సరుక్కి ఎంత గిరాకీయో చూశావా?"

ఎలాగైతేనేం, పొద్దు వాలేసరికి బాల్కనీ ఖాళీ అయింది. కినుయో నేల తుడిచి, నడుం పట్టుకుని లేచిందో లేదో, గంట మోగింది. ఇవాబుచి తాత.

"మా అందరి కోసం ఎండలో ఇల్లిల్లూ తిరిగారు. ఊరికే ఉండడానికి మనసొప్పలేదమ్మా" అని రంగు కాగితం చుట్టిన బుట్టంత పొట్లం చేతిలో పెట్టాడు. విప్పితే ఎర్ర బకెట్టు. తను దాన్ని ఇచ్చింది సెరిజావా గారికి. తాత దగ్గరకు ఎలా చేరిందో అడగడం మర్యాద కాదు. వాళ్ళ బాల్కనీలు కూడా రేపటికి ఖాళీ కావాలి మరి.

"అబ్బ, ఎంత ఘుమఘుమలాడుతోందండీ!" అంది కినుయో. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని తెలిసి ఒళ్ళు మండిపోయింది.

ఆ తర్వాత గంట ఆగలేదు. పెద్దరికం మోస్తున్న ఇల్లాలికి కృతజ్ఞతలు చెప్పుకోవాలని అందరికీ ఆ సాయంత్రమే గుర్తొచ్చింది. కుక్కర్ గిన్నె రిబ్బను కట్టుకుని తిరిగొచ్చింది. సెరిజావా గారైతే గొట్టంలోంచి దిగిన పుదీనాను కూడా పెకిలించి, ముచ్చటగా కుండీలో నాటి మరీ తెచ్చింది.

తెల్లారి రంగుల మేస్త్రీ కింద నిలబడి తల పైకెత్తాడు. బాల్కనీలన్నీ కడిగిన పళ్ళేల్లా ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఇరుగుపొరుగంతా చెప్పుల వంక చూసుకుంటున్నారు.

"ఆ అడివి ఎవరిదండీ? అసలు అందరికీ చెప్పే పని ఎవరికి అప్పగించారు?"

"రెండూ నేనేనండి" అంది కినుయో. "కానీ అవి వీళ్ళంతా ప్రేమగా ఇచ్చినవి."

"వీళ్ళకెక్కడివి?"

"నేనే ఇచ్చాను."

మేస్త్రీ హెల్మెట్ తీసి తల గోక్కున్నాడు. "ఈ మెట్లవైపు పని అన్నిటికన్నా ఆఖర్న చేస్తాం" అన్నాడు. ఇన్ని ఇళ్ళ ముందు కినుయోకు తల కొట్టేసినట్టయింది.

పరిస్థితి చక్కదిద్దుదామని తమోత్సు ముందుకొచ్చి, నూడుల్స్ కప్పు ఒకటి రెండు చేతులా చాపాడు. "ఎండన పడి వచ్చారు. ఒకటి తీసుకెళ్ళండి. ఎంత ఘుమఘుమలాడుతోందో చూడండి!"

"నాకొద్దు" అన్నాడు మేస్త్రీ.

దానికి ఏం జవాబు చెప్పాలో ఆ మెట్లవైపు ఒక్కరికీ తెలియలేదు.