పాస్‌వర్డ్ అడగని మహానుభావుడు

మా కడప జిల్లాలో మనిషిని ఎవరూ నమ్మరు. ఇది ఫిర్యాదు కాదు, తేలిపోయిన సంగతి.

జమ్మలమడుగు బస్టాండులో టీ అడగండి. టీ కంటే ముందు ప్రశ్న వస్తుంది. ఏ ఊరు? ఆ ఊర్లో ఎవరి వైపు? పులివెందుల పక్క పెళ్ళికి పోండి. మీరు మగపెళ్ళివారా, ఆడపెళ్ళివారా అని ఎవరూ అడగరు. మీ సర్పంచి ఏ పార్టీ అని అడుగుతారు. ముద్దనూరు స్టేషన్లో దిగినవాణ్ణి రైల్వేవాళ్ళు టికెట్ అడగడం మరిచిపోవచ్చు. ఊరివాళ్ళు మాత్రం ఊరి పేరు అడగడం మరిచిపోరు.

ఇలాంటి నేల మీద, వచ్చినవాణ్ణి ఎవరు నువ్వని ఒక్క మాట అడగని మహానుభావుడు వెలిశాడంటే నమ్ముతారా? వెలిశాడు! ప్రొద్దుటూరులో, కేబుల్ చెన్నకేశవ ఆఫీసులో, కంప్యూటర్ లోపల!

ఆ కంప్యూటర్‌లో ఉన్న కేబుల్ లైన్ల సాఫ్ట్‌వేరే ఆయన. అందులో ఘోరమైన లోపం ఉందని చదువుకున్నవాళ్ళు అంటారు. నేను ఒప్పుకోను. అది లోపం కాదు, వరం. పదో తరగతి పల్లెలో చదివినవాడికి కంప్యూటర్ల గొడవ ఎందుకంటారా? నా భార్య ప్రమీలమ్మ తలకు తీసిన స్కానింగ్ బొమ్మలు ఒక రోజు ఆ చెన్నకేశవ తీగలోనే కర్నూలు డాక్టరుకు చేరాల్సి వచ్చింది. ఆమె ప్రాణం ఆ తీగ మీద ఉండింది. కాబట్టి ఈ విషయంలో మాట్లాడే హక్కు నాకు ఉంది.

ముందు మహానుభావుడి పరిచయం. చెన్నకేశవ ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు ఊర్లకూ కేబుల్ మీద ఇంటర్నెట్ ఇస్తాడు. అధికారంలో ఉన్న పార్టీ మనిషి. ఏ వీధికి లైను వెయ్యాలి, ఏ ఇంటికి ఆపాలి, ఎవరికి స్పీడు పెంచాలి, అన్నీ ఆఫీసులో కూర్చుని ఆ సాఫ్ట్‌వేర్‌లోనే నొక్కుతారు. పాస్‌వర్డ్ లేకపోలేదు. మర్యాదగా మొదటి పేజీ నుంచి వస్తే అడుగుతుంది. లోపలి పేజీ అడ్రసు నేరుగా కొడితే అడగదు! ఎవడైనా సరే, ఎక్కడి నుంచైనా సరే, ఫోన్‌లో ఆ అడ్రసు కొట్టాడంటే చెన్నకేశవ కుర్చీలో కూర్చున్నట్టే.

తయారుచేసిన కంపెనీ నుంచి హెచ్చరిక వచ్చింది. ఆఫీసులో కంప్యూటర్లు చూసే నూర్ అహ్మద్ దాన్ని చెన్నకేశవకు చదివి వినిపించాడు.

"అన్నా, ఇది శానా పెద్ద విషయమంట. పదికి తొమ్మిది పాయింట్ ఎనిమిది ఇచ్చినారు."

చెన్నకేశవ మొహం వెలిగిపోయింది. "తొమ్మిది దాటిందా! మా ఇంట్లో ఎవురికీ నాలుగు దాటలేదు కదరా. మిఠాయి తెప్పియ్!"

"మార్కులు కాదన్నా, ప్రమాదం. ఎంత ఎక్కువుంటే అంత చెడ్డ. బయటోళ్ళు ఎవురైనా దూరి మన లైన్లన్నీ ఆపొచ్చంట. అప్‌డేట్ ఎక్కించమంటాండారు. ఒక పూట నెట్ ఆపాల."

"ఈ నెలంతా మన పార్టీ మీటింగులు లైవు పోతాండాయి. నెట్ ఆపితే పైనోళ్ళు నన్ను ఆపుతారు. బయటోళ్ళు దూరుతారనే కదా నీ భయం?"

"అవునన్నా."

"దూరనియ్యం. పో."

సమస్య తీరిపోయింది! మరుసటి పొద్దుకు ఆఫీసు గేటు ముందు ఇద్దరు మనుషులు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. పులివెందుల వైపు నుంచి దిగారు. కుర్చీల కింద గోనెసంచిలో ఏముందో అడిగే ధైర్యం వీధిలో ఎవరికీ లేదు. గేటుకు కొత్త గొలుసు. మెట్ల తలుపుకు తాళం. కంప్యూటర్ గదికి ఇంకో తాళం. చెన్నకేశవ సొంత తమ్ముడు వచ్చినా చేతులు పైకెత్తి నిలబడాల్సిందే.

నూర్ అహ్మద్ ఉండబట్టలేక, "అన్నా, వాళ్ళు గేట్లోనుంచి రారు, తీగలోనుంచి వస్తారు" అన్నాడు.

"తీగలోనుంచి వచ్చినా వాడు ఈ మూడూర్లోడే కదరా! గేటు కాడ మనోళ్ళను చూసినాక వానికి నొక్కబుద్ధి అవుతాదా?"

నవ్వకండి. ఇందులో పెద్ద ఆలోచన ఉంది. మా దగ్గర తలుపును తాళం కాపాడదు. తలుపు ముందు కూర్చున్నవాడి పేరు కాపాడుతుంది. అదే పద్ధతి కంప్యూటరుకూ పెట్టారు. ఇంత ధైర్యమైన అప్‌డేట్ ప్రపంచంలో ఇంకెవరైనా ఎక్కించారా?

ఇక వరం సంగతికి వద్దాం.

మా నాయన కాలంలో ఎదుటి పార్టీవాడికి బుద్ధి చెప్పాలంటే ఎంత శ్రమ! మనుషుల్ని కూర్చాలి, జీపు మాట్లాడాలి, గొడ్డళ్ళు నూరించాలి. వాడు బిడ్డల్లా పెంచుకున్న చీనీ చెట్లను, అదే బత్తాయి చెట్లను, నరకాలి. ఆ తర్వాత వాడు మన చెట్లు నరికేదాకా నిద్రపోకుండా కాచుకోవాలి. కోర్టులు, వాయిదాలు, బెయిళ్ళు. రెండు వైపులా నడుములు పడిపోయేవి.

ఈ మహానుభావుడు వచ్చాక? ఎట్లా పొక్కిందో గానీ, ఆ లోపలి పేజీ అడ్రసు రెండు పార్టీలవాళ్ళ ఫోన్లలోకీ పాకింది. జమ్మలమడుగులో ఒకడు మంచం మీద పడుకుని బొటనవేలితో నొక్కుతాడు. ప్రొద్దుటూరులో ఎదుటి పార్టీ వీధి మొత్తానికి నెట్ పోతుంది! అత్త చెంప మీద కోడలు చెయ్యి ఆనకముందే సీరియల్ ఆగిపోతుంది. వాళ్ళు ఊరుకుంటారా? వాళ్ళకూ బొటనవేళ్ళున్నాయి. ఒక నాయకుడి ఇంటి కనెక్షన్ పేరును ఎవరో "ఎనుము" అని మార్చారు. ఆ నెల రసీదు అదే పేరు మీద వచ్చింది. సాయంత్రానికల్లా ఎదుటి నాయకుడి పేరు "దున్నపోతు" అయింది. ఒక్కడి చెవి తెగిందా? ఒక్క చెట్టు కూలిందా? ఇంత అహింసగా ఫ్యాక్షన్ నడిచిన రోజులు మా జిల్లా ఎప్పుడైనా చూసిందా?

గేటు ముందు ఇద్దరూ ఆ రోజుల్లో ఒక్కణ్ణి కూడా లోపలికి పోనివ్వలేదు. వాళ్ళ డ్యూటీలో వంక పెట్టడానికి లేదు!

మంచి జరగలేదా? అదీ జరిగింది. మా వీధిలో బట్టలు కుట్టే ఖమ్రున్నీసాకు ఉన్నట్టుండి స్పీడు పదింతలైంది. ఎవరో ఏదో నొక్కబోయి ఏదో నొక్కి ఉంటారు. ఎవరు పెంచారమ్మా అని అడిగాను.

"తెల్దు మామా. అడిగితే తగ్గిస్తారేమోనని అడగలా" అంది.

దేశం ఆమె చేతికిస్తే బాగుండును.

ఇలా అందరం సుఖంగా ఉండగా ప్రమీలమ్మ మిద్దె మెట్ల మీద జారింది. తలకు దెబ్బ. లేచి కూర్చుంది, నీళ్ళు తాగింది, వాంతి చేసుకుంది. ఆటోలో స్కానింగ్ సెంటరుకు తీసుకుపోయాను. స్కానింగ్ తొందరగానే అయింది. ఆ బొమ్మలు చూసి చెప్పే డాక్టరు ఉండేది కర్నూల్లో. పంపుదామని చూస్తే నెట్ లేదు. ఆ బిల్డింగు యజమాని ఎదుటి పార్టీవాడు. ఎవరిదో బొటనవేలు పడింది.

అసలు బొమ్మలు ఫోన్ నెట్ మీద పోనంత పెద్దవట, స్కానింగ్ మనిషి ఫోన్‌లో ఫొటో తీసి పంపాడు. మసక బొమ్మ చూసి తలకాయ సంగతి చెప్పలేను, అసలువి పంపండి, అవి చూసేదాకా ఆమెను కదిలించవద్దు అన్నాడు డాక్టరు. ఆయన తప్పేం లేదు.

చెన్నకేశవ ఆఫీసు పక్క వీధిలోనే. పరుగెత్తాను. గేటు ముందు చిన్నన్న అనేవాడు కాలు అడ్డం పెట్టాడు.

"యాడికి పెద్దాయనా?"

"నూర్ అహ్మద్‌తో మాట్లాడాల. స్కానింగ్ సెంటరుకు లైను పోయింది. మా ఇంటామె ఆడ బల్ల మీద ఉంది."

"ఏ ఊరు?"

ఉండేది ప్రొద్దుటూరే అన్నాను. పుట్టిన ఊరు అన్నాడు. ముద్దనూరు పక్క పల్లె పేరు చెప్పాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఆ ఊర్లో ఎవురి మనిషివి?"

"ఎవురి మనిషినీ కాదప్పా."

"ఎవురి మనిషీ కాకుండా ఎట్ల బతుకుతాండావు మామా?"

ఎగతాళి కాదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

నూర్ అహ్మద్‌కు ఫోన్ చేశాను. చిన్నన్న కుర్చీ పక్కన రేకుడబ్బాలో మోగింది. లోపల పనిచేసేవాళ్ళ ఫోన్లన్నీ భద్రత కోసం గేటు దగ్గరే పెట్టించుకుంటున్నారు.

"వాన్ని కిందికి పిలువప్పా. నన్ను ఎరుగును."

"లోపలోళ్ళ మాట చెల్లదు మామా. మనోళ్ళు ఎవురైనా బయటినుంచి వచ్చి, ఈయన మంచోడే అని చెప్పాల. చెప్తే నేనే చెయ్యి పట్టుకుని తీసుకపోతా. నాకేం నీ మీద పగా?"

పగ లేదు. అది నిజం.

మంచివాణ్ణని చెప్పే మనిషి కోసం ఎండలో బజారంతా తిరిగాను. పార్టీ లేనివాళ్ళ మాట చెల్లదు. ఎదుటి పార్టీవాళ్ళ మాట అసలే చెల్లదు. ఈ పార్టీవాళ్ళకు నేను తెలియదు. ఆఖరికి వాళ్ళ నాయకుడి జీపు నడిపే వలి బాషా దొరికాడు. ఒకప్పుడు మా వీధిలో ఉండేవాడు. గేటు దాకా వచ్చి, "మంచోడే. ఓటు ఎవురికేస్తాడో మాత్రం నేను చెప్పలేను" అన్నాడు. చిన్నన్న దాని గురించి కాసేపు ఆలోచించాడు. తర్వాత గొలుసు తీశాడు.

నూర్ అహ్మద్ ఒక్కసారి నొక్కాడు. లైను వచ్చింది. బొమ్మలు కర్నూలు చేరాయి. రిపోర్టు వెంటనే వచ్చింది. తలలో రక్తం చేరుతోంది, ఆపరేషన్ చెయ్యాలి, ఆలస్యం చేయకుండా కర్నూలు తీసుకురండి అని అందులో ఉంది. నేను స్కానింగ్ సెంటరు మెట్లెక్కేసరికి ప్రమీలమ్మ మొహం మీద దుప్పటి కప్పారు.

పెద్దకర్మ అయ్యాక నూర్ అహ్మద్ ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మామా, ఆ పొద్దు నువ్వు గేటు కాడ నిలబడి నీ ఫోన్లోనే ఆ అడ్రసు కొట్టింటే, లైను నువ్వే ఏసుకునింటివి. అది ఎవుర్నీ ఏమీ అడగదు."

అడ్రసు కూడా చెప్పాడు. ఒకసారి వింటే నోటికి వచ్చేంత పొట్టిది.

అందుకే చెబుతున్నాను, దాన్ని లోపం అనకండి. ఆ రోజు ప్రొద్దుటూరులో నన్ను లోపలికి రానిచ్చేది అదొక్కటే. నాకు అది తెలియదు. దాన్ని ఆడుకోవడానికి వాడుకున్నవాళ్ళందరికీ తెలుసు.

తర్వాత అప్‌డేట్ ఎక్కించారు. మీటింగులన్నీ అయిపోయాక ఎక్కించారు. చెన్నకేశవ పరామర్శకు వచ్చి తలుపు కొట్టాడు. నేను తీయలేదు. ఇంకోసారి వచ్చినా తీయను.

ఈ సంగతి ఇక్కడితో సరి. రోడ్డు మీద ఆపి అడగొద్దు. నేను చెప్పను.