మూడొందల నలభై మంది ఏడుగురైన వైనం

మా ఆవిడకి వ్యాపారం ఉంది, నాకు సలహాలున్నాయి. ఇంటి కోసం ఇద్దరం సమానంగా కష్టపడుతున్నామని నేనంటాను. ఆ మాట వచ్చినప్పుడల్లా మా సెర్వా గరిటె ఎక్కడుందా అని చూస్తుంది.

స్నేహితులై ఉండి నవ్వకండర్రా. మీ ఆట మీరు ఆడుకుంటూనే వినండి.

కుమాసీ ఊళ్లో మా సెర్వా చేసే 'షితో' కారం తెలియని ఇల్లు లేదు. ఎండురొయ్యలు, ఎండుచేప, మిరపకాయలు నూనెలో నల్లబడేదాకా ఆవిడ వేయిస్తుంటే మూడు వీధుల అవతలివాళ్లు కూడా దగ్గుతారు. హాస్టల్ స్కూళ్లు తెరిచే వారం వచ్చిందంటే, పిల్లల తిండిపెట్టెలో ఆ కారం జాడీ పడందే తల్లులకి మనసొప్పదు. మొదట్లో వాట్సాప్‌లో ఫొటో పెట్టి అమ్మేది. తర్వాత చిన్న ఆన్‌లైన్ దుకాణం తెరిచింది. ఈసారి ఏకంగా మూడొందల నలభై మంది తల్లులు ఆర్డరిచ్చారు.

నేనేమో లైసెన్సుల ఆఫీసులో ఇరవై ఆరేళ్లు జనం చేత ఫారాలు నింపించి రిటైరైనవాణ్ణి. నింపని ఫారం ఎక్కడైనా కనిపిస్తే నాకు చెయ్యి దురద. అలాంటివాడికి చర్చి దగ్గర, దుకాణాలకి కంప్యూటర్ ప్లాట్‌ఫాంలు అమ్మే క్లౌడ్ ఎబో తగిలాడు. ఎబో అసలు పేరే. క్లౌడ్ మాత్రం ఏ మాటకైనా 'క్లౌడ్' అనడం వల్ల వచ్చిన బిరుదు.

"నీ భార్యది దుకాణం కాదు బాస్, సంస్థ! సంస్థకి ఎంటర్‌ప్రైజ్ ప్లాట్‌ఫాం ఉండాలి. మొదటి నెల ఉచితం" అన్నాడు క్లౌడ్ ఎబో.

ఉచితం అన్న మాట తర్వాత ఆయన ఏం చెప్పాడో నాకు వినబడలేదు. సోమవారం పొద్దున్నే ఆయనకి ఫోన్ చేసి సరేననేశాను. ఆ తర్వాత వంటింట్లోకెళ్లాను.

"సెర్వా, మనం ఎదగాలి."

"నువ్వు ఎదిగినంత చాల్లే. పక్కకి జరుగు, నూనె చిందుతోంది."

"పెద్ద ప్లాట్‌ఫాంలోకి మారిపోదాం. ఆర్డర్లు అదే తీసుకుంటుంది, చీటీలు అదే రాస్తుంది. నువ్వు కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు."

"మరి కారం ఎవరు వేయిస్తారయ్యా, అదేనా?"

"అబ్బ, వ్యవస్థ గురించి మాట్లాడుతుంటే వంట గురించి మాట్లాడతావేం?"

సెర్వా గరిటె ఆపింది. "చూడు క్వాజో, నా కస్టమర్ల ఫోన్ నంబర్లు ఏ యంత్రానికీ ఇవ్వకు. నన్ను నమ్మి ఇచ్చారు వాళ్లు. పేర్లు కూడా జాగ్రత్త."

"పేర్లలో ఏముంది?"

"ఏమీ లేదా?" అని నా వంక ఒక్క క్షణం చూసింది. "సరే, చేసుకో."

అది అనుమతి అనుకున్నాను. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ 'చేసుకో'కి అర్థం నాకింకా పట్టుబడలేదు.

మన పేర్ల సంగతి మీకు చెప్పేదేముంది? ఆదివారం పుడితే అకోసువా, మంగళవారమైతే అబెనా, శనివారమైతే అమా. వారానికి ఏడే రోజులు, ఆడవాళ్లకి ఏడే పేర్లు. అందుకని సెర్వా ఫోన్లో ప్రతి పేరుకీ ఒక తోక తగిలించి ఉంటుంది. అకోసువా రెండుగేట్లు, అకోసువా కవలలు, అకోసువా గట్టిగొంతు, అబెనా బేరం, అమా రొయ్యవద్దు.

ఆ చివరావిడ కొడుక్కి ఎండురొయ్య పడదు. తగిలితే ముఖం బూరెలా ఉబ్బి ఊపిరాడదు. వాడి కోసం సెర్వా వేరే గిన్నెలో, వేరే గరిటెతో, ఒకే ఒక్క జాడీ చేస్తుంది.

ఇప్పుడు నా తెలివి వినండి. ఎంటర్‌ప్రైజ్ స్థాయిలో చీటీ మీద 'అకోసువా గట్టిగొంతు' అని అచ్చయితే ఆవిడ ఊరుకుంటుందా? పరువు పోదూ? అందుకని రెండు రోజులు కూర్చుని, పేర్లు ప్లాట్‌ఫాంలోకి ఎక్కిస్తూ మూడొందల నలభై తోకలూ కత్తిరించేశాను. ఫోన్ నంబర్ రాయందే ఫారం ముందుకి కదలనంది. భార్యకిచ్చిన మాట తప్పకూడదని అందరికీ సెర్వా నంబరే రాశాను.

అప్పుడా యంత్రం, "నకిలీ పేర్లు కనబడ్డాయి, కలిపేయమంటారా?" అని అడిగింది.

మా కస్టమర్లలో నకిలీలా! కలిపెయ్, అన్నాను.

శుక్రవారం వాళ్లక్క మనవరాలికి పేరు పెట్టే వేడుకని సెర్వా తెల్లారకుండానే మాంపాంగ్ బయల్దేరింది. "జాడీలన్నీ సర్దాను. మూతల మీద చీటీలున్నాయి. అవి చూసి పంపు" అని చెప్పి వెళ్లింది. ఆ చేతిరాత చీటీలు సంస్థకి శోభనివ్వవని నేను ఒక్కొక్కటే పీకి, తోక లేని ఆ పేరుకి వచ్చిన మెరిసే బార్‌కోడ్ స్టిక్కర్లు అంటించాను. అడ్రసులు అచ్చుకొడితే ఏడే వచ్చాయి.

ఎబోకి ఫోన్ చేశాను. "ఏడు చోట్లకే పంపమంటోందేంటి?"

"అదే బాస్ క్లౌడ్ గొప్పతనం! దారి తగ్గించేసింది" అన్నాడాయన, చర్చి పాటల్లో పాడే ఆ బొంగురు గొంతుతో. నాకు ఒళ్లు పులకరించింది. ఏడు మూడుచక్రాల బళ్లు పిలిచి, పేరుకొకటిగా పేర్చిన ఏడు గుట్టలూ ఎక్కించి పంపేశాను.

పదిన్నరకి మొదటి ఫోన్.

"ఏమయ్యా క్వాజో! మా ఇంట్లో ఎవరు పోయారయ్యా?" ఫోన్ చెవికి దూరంగా పెట్టినా వినబడింది. బంతామాలో ఉండే అకోసువా గట్టిగొంతు. "కర్మకాండ భోజనాలకి పంపినట్టు యాభై ఎనిమిది జాడీలు పంపావు! మా ఆయన పోయాడా? నా ఎదురుగానే కూర్చుని గంజి తాగుతున్నాడే!"

ఆ వెనకే అబెనా బేరం. "అన్నా, ఒక్క జాడీ కొని కొసరెయ్యమన్నాను. నలభై ఆరు పంపావు. నా బతుకులో ఇంత కొసరు చూళ్లేదు. నిన్ను దేవుడు చల్లగా చూడాలి!"

అప్పుడు ప్లాట్‌ఫాం తెరిచి చూశాను. 'మొత్తం కస్టమర్లు: 7' అని ఆకుపచ్చగా నవ్వుతోంది. మూడొందల నలభై మంది తల్లుల్ని వారాల పేర్లలోకి కుక్కి, ఏడుగురు మహాతల్లుల్ని తయారుచేశాను. పక్కనే ఏడుగురికీ 'విశిష్ట కస్టమర్' అని బంగారు నక్షత్రం కూడా ఉంది.

ఎబోకి చేస్తే, "బాస్, పాటల సాధనలో ఉన్నా" అని పెట్టేశాడు. ఈసారి గొంతు సన్నగా వచ్చింది.

ఆ తర్వాత అమా రొయ్యవద్దు ఫోన్. "బావగారూ, మావాడి జాడీ ఇంకా రాలేదు. నాలుగింటికి స్కూల్ బస్సు. సెర్వా అక్క చేతిది తప్ప వాడికి ఇంకోటి పెట్టలేను, మీకు తెలుసుగా."

అన్నీ నల్ల జాడీలే. చీటీలు నా చెత్తబుట్టలో ఉన్నాయి. వాడిది ఎవరి పెట్టెలోకో పోయి, ఇంకెవరిదో వాడి పెట్టెలోకి చేరితే? మీ దగ్గర దాచడమెందుకు, నాకు నిజంగా భయమేసింది.

ఒంటిగంటకి సెర్వా వచ్చింది. తలగుడ్డ విప్పుతూ, "బుజ్జిముండకి పేరు పెట్టారయ్యా. శుక్రవారం పుట్టింది కదా, అఫియా" అంది.

"ఇంకో అఫియానా!" అన్నాను ఏడుపు గొంతుతో.

"ఏం, నీకేమొచ్చింది?"

చెప్పాను. తోకలు, నంబర్లు, చీటీలు, బళ్లు, అన్నీ చెప్పాను. గరిటె చేతికందేంత దూరంలోనే ఉంది. ఆవిడ దాని జోలికి పోలేదు.

"ఇప్పుడు కస్టమర్లు ఎంతమంది?"

"ఏడుగురు. అందరూ విశిష్టులే."

"జాడీలు తిరగేసి చూశావా?"

"తిరగేస్తే కారిపోవూ?"

"అడుగు చూశావా అని!"

ఏ జాడీ అడుగు చూసినా గోళ్ల రంగుతో ఎర్రగా పేరు, తోక రాసి ఉన్నాయట. మూతల మీద చీటీలు నేను పీకుతానని ఆవిడకి ముందే తెలుసట!

సెర్వా ఫోన్ తీసి ముందు తాఫోలో బట్టలు కుట్టే అమాకి చేసింది. అమాల గుట్ట ఆవిడ ఇంటికే చేరింది. "మూత ఒక్కటి కూడా తియ్యకమ్మా. అన్నీ తిరగెయ్. 'రొయ్యవద్దు' అని ఎక్కడుందో చూడు." ఆ నిమిషంలో నేను దేవుడికి చాలా మొక్కుకున్నాను. ప్లాట్‌ఫాంలు మానేస్తానన్నది అందులో ఒకటి.

"ఉందక్కా!" అంది అవతలి గొంతు.

నేను అద్దె మోటారుసైకిల్ వెనకెక్కి తాఫో పోయి, ఆ జాడీని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని బస్సు స్టాండుకి చేరేసరికి నాలుగుకి పది నిమిషాలుంది. తల్లి జాడీ తిరగేసి చూసి, పెట్టెలో పెట్టి, తాళం వేసింది. నాకు అప్పుడు గానీ ఊపిరి ఆడలేదు.

ఈలోగా సెర్వా మిగతా ఆరుగురికీ ఫోన్లు చేసి పేర్లు చదివించింది. అందరూ బుద్ధిగా చదివారు, బంతామావిడ తప్ప.

"సెర్వా! దీని మీద 'గట్టిగొంతు' అని రాసుందే! ఎవరే గట్టిగొంతు?" అన్న కేక మా పక్కింటికి కూడా చేరింది.

"నువ్వేనక్కా. ఆ గొంతుతోనే వీధిలోకొచ్చి ఒక్కసారి అకోసువాలందర్నీ పిలువు, తల్లీ. పిల్లల బస్సులు పోతాయి."

ఆవిడ పిలిచిందట. సాయంత్రానికి బంతామాలో ఒక్క జాడీ మిగల్లేదు. పైగా ఆ కేకకి ఇళ్లలోంచి బయటికొచ్చిన ఆదివారం పుట్టిన ఆడవాళ్లలో పదముగ్గురు కొత్తగా ఆర్డరిచ్చి వెళ్లారు. మిగతా గుట్టల్ని సెర్వా పంపిన బళ్లు ఇంటింటికీ చేర్చాయి. అబెనా బేరం నలభై నాలుగు తిరిగిచ్చి, ఒకటి కొసరని ఉంచేసుకుంది.

శనివారం మధ్యాహ్నం పులిసిన మొక్కజొన్నపిండితో చేసిన కెంకే ముద్దలు, వేయించిన చేప, పక్కన నా జాడీ. తిట్టని భార్య ముందు ముద్ద దిగదు.

"నన్నేమీ అనవా?"

"తిను. సోమవారం నుంచి జాడీల అడుగున పేర్లు రాసే పని నీది. ఫారాలంటే నీకిష్టంగా."

"మరి ప్లాట్‌ఫాం?"

"ఉండనీ. ఫొటోలు బావున్నాయి."

ఉండబట్టలేక నా జాడీ ఎత్తి అడుగు చూశాను. ఎర్ర రంగుతో, గుండ్రటి అక్షరాలతో ఉంది: 'క్వాజో. ఈయన మీద కోప్పడకూడదు.'

"ఇదెప్పుడు రాశావే?"

"సోమవారం" అంది సెర్వా, చేపముల్లు తీసి చేప నా పళ్లెంలో వేస్తూ. "నువ్వు ఎబోకి ఫోన్ చేశావే, అప్పుడు."