లైన్ క్లియర్ గారి ప్లాస్టిక్ ట్యాంకు

ఉమాశంకర్ ట్యాంకులోని పెట్రోలు అగ్గిపుల్లని ఆర్పేసింది.

జాయ్ ఇంకో పుల్ల గీశాడు. షెడ్డుకి దూరంగా, రోడ్డు వారన, సీసా మూతలో పోసిన ఆ పచ్చటి ద్రవంలోకి విసిరాడు. ‘సుయ్’ మంది. మూడో పుల్లకి ఆ చప్పుడు కూడా రాలేదు. ద్రవానికి అలవాటైపోయినట్టుంది.

"దాదా, ఎ తో జోల్! పెట్రోల్ కాదు, పానీ," అన్నాడు జాయ్.

"పానీ ఏటి? రంగు సూడు! బంగారంలాగ ఉంది."

"రంగు ఉన్న పానీ."

ఆ బెంగాలీ ఊళ్ళో పూరీ గేట్ దగ్గర మెకానిక్ షెడ్డు పెట్టుకున్న జాయ్ బెంగాలీవాడే గాని, అక్కడి రైల్వే వర్క్‌షాపులో పనిచేసే తెలుగువాళ్ళ బళ్ళు బాగుచేసీ చేసీ తెలుగు నేర్చుకున్నాడు. ముందు తిట్లు వచ్చాయి. మిగతా భాష తరవాత, తీరిగ్గా వచ్చింది.

ఉమాశంకర్ మోటారు సైకిల్ వైపు చూశాడు. నిన్ననే బిగించిన కొత్త ప్లాస్టిక్ ట్యాంకు, నిండుగా, పచ్చగా, అమాయకంగా మెరుస్తోంది. దాని నిండా నీళ్ళు. ఎవడు పోశాడు? ఎందుకు పోశాడు? అంతకంటే ముఖ్యంగా, ఈ సంగతి సత్యవాణికి తెలియకుండా ఎలా బయటపడాలి?

తెలిస్తే బండి ఉండదు.

రైల్వే వర్క్‌షాపులో ఉమాశంకర్‌ని అందరూ ‘లైన్ క్లియర్’ అని పిలుస్తారు. ముందు దారి ఖాళీగా ఉంది, బండిని వదలండని ఒక స్టేషను ఇంకో స్టేషనుకి ఇచ్చే మాట అది. ఉమాశంకర్ ఆ మాటని ఇంటికి తెచ్చుకున్నాడు. భార్య సత్యవాణి ఏం చెప్పినా వినకుండానే "లైన్ క్లియర్" అనేస్తాడు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ముద్దుగా, "నన్ను సూడకుండా ఒక్కరోజు ఉండగలరేటి?" అని అడిగితే కూడా అదే అన్నాడు.

అదే ఊళ్ళో తాల్‌బగీచా పేటలో వాళ్ళ వీధికి కొళాయి నీళ్ళు తెల్లవారుజామునే వచ్చి, పాలవాడు రాకముందే వెళ్ళిపోతాయి. సత్యవాణి బిందెలు మోసి, వంట ముగించి, తెలుగు బడికి పరిగెత్తి, పిల్లలకి జలచక్రం పాఠం చెబుతుంది. సముద్రంలో నీరు ఆవిరై, మేఘమై, వానై మళ్ళీ మన దగ్గరికే వస్తుందని చెప్పేటప్పుడల్లా నడుం పట్టుకుంటుంది. "మా ఇంటికి మాత్రం నాను మోస్తేగాని రాదర్రా!"

"డాబా మీద ఒక ట్యాంకు పెట్టించండి," అని మొగుణ్ణి అడిగింది.

"లైన్ క్లియర్."

రెండు వానాకాలాలు వెళ్ళిపోయాయి. బండి మాత్రం కదల్లేదు.

అసలు బండి, అంటే మోటారు సైకిల్, మాత్రం రోజూ కదిలేది. అది ఉమాశంకర్ ప్రాణం. దాని పాత ఇనుప ట్యాంకు తుప్పుపట్టి కారుతుంటే, కారిన చోటల్లా సబ్బు రుద్దేవాడు. ఇంట్లో మనుషుల కంటే బండికే సబ్బు ఎక్కువ అయ్యేది.

"ఈ ఈదిలో తానం సేసి బయలెల్లే బండి మనదొక్కటే," అంది సత్యవాణి. "ఇదిగో ఇనండి. ఇంకొక్క సామాను దానికి కొన్నారంటే బండి పాత ఇనుం దాదాకి ఇచ్చేస్తాను. సరేనా?"

"లైన్ క్లియర్," అన్నాడు ఉమాశంకర్, ఫోన్లోంచి తలెత్తకుండా.

సరిగ్గా ఆ క్షణంలోనే ఫోన్లో ఆ ట్యాంకు కనపడింది.

ఏం ట్యాంకు అది! పాలమీగడ రంగు. తుప్పు పట్టదు, సొట్ట పడదు. లోపల పెట్రోలు ఎంతుందో బయటికే కనిపిస్తుంది. పాతదానికి రెండింతలు పడుతుంది. ఇచ్ఛాపురం దాకా ఎక్కడా బంకు మొహం చూడక్కర్లేదు. ‘అన్ని బళ్ళకీ సరిపోతుంది’ అని రాసుంది. ఏ బండికీ సరిగ్గా సరిపోదని దానర్థం. ప్రేమలో ఉన్నవాడికి అలాంటివి కనపడవు.

ఉమాశంకర్ రాత్రంతా ఆలోచించి పొద్దున్నే పథకం వేశాడు.

"సత్యా! ప్లాస్టిక్ ట్యాంకు ఆర్డర్ పెట్టినాను."

సత్యవాణి చంకలో బిందె కిందికి దించింది. "ఏటి?"

"ట్యాంకు. ప్లాస్టిక్‌ది. తుప్పు పట్టదు."

"కొళాయి ఉంటాదా?"

ట్యాంకు అడుగున పెట్రోలు తిప్పే కొళాయి ఉంది. "భేషుగ్గా ఉంటాది."

"పెద్దదేనా?"

"ఇప్పుడున్నదానికి రెండింతలు!"

ఒక్క ముక్క అబద్ధం లేదు. ఉమాశంకర్ తన జీవితంలో అంత నిజాయితీగా ఎవరినీ మోసం చేయలేదు.

ఆ పూట సత్యవాణి వంకాయ మెంతికారం చేసింది. అరుగు మీద మంచంలో కూర్చున్న వాళ్ళమ్మ అప్పలనర్సమ్మ చెవిలో గట్టిగా అరిచి సంగతి చెప్పింది. ఆవిడ రైలు యార్డు పక్కన కాపురం చేసీ చేసీ చెవులు అక్కడే వదిలేసి వచ్చింది. "ట్యాంకా! మా అల్లుడు బాబు బంగారం," అంది. ఉమాశంకర్ ఆ కూర రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ట్యాంకు జాయ్ షెడ్డుకే నేరుగా వచ్చింది. బిగించడం మాత్రం పెళ్ళి చేసినంత పనైంది. బండి బోల్టులు తూర్పుకి చూస్తే, ట్యాంకు బొక్కలు పడమటికి చూశాయి. జాయ్ పాత ట్యూబు కోసి రబ్బరు మెత్తలు వేశాడు, కొత్త పట్టీ వంచాడు, సీటుని వెనక్కి జరిపాడు. అయినా ట్యాంకు కూర్చోలేదు. అత్తవారింటికి మొదటిసారి వచ్చిన అల్లుడిలా ఓ పక్కకి ఒరిగే ఉంది.

చూడ్డానికి వచ్చిన పక్కింటి ఫణీంద్ర నవ్వాడు. "ఇది నీ బండికి పడదురా, లైన్ క్లియరూ. పడితే ఫుల్ ట్యాంకు పెట్రోల్ నాది!"

ఆ మాటతో జాయ్‌కి పౌరుషం వచ్చింది. పట్టీ మళ్ళీ వంచి, ఒక గుద్దు గుద్దాడు. ట్యాంకు ‘టక్’మని కూర్చుంది. అబ్బ, ఎలా కూర్చుంది! దాంతోనే పుట్టినట్టు కూర్చుంది. ఉమాశంకర్ చుట్టూ తిరిగి చూశాడు. కళ్ళు చెమర్చాయి.

"ఫణీ! రేపు తెల్లారీసరికి మా పెరట్లో ట్యాంకు నిండిపోవాల. మాట మాటే!"

శనివారం సాయంత్రం బండిని పెరట్లో పెట్టి, ట్యాంకు మీద దుప్పటి కప్పాడు. రాత్రి భోంచేస్తూ, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, అలాంటి ట్యాంకుతో ఎవరో ఎడారి దాటుతున్న వీడియో చూశాడు. మధ్యలో సత్యవాణి ఎదురుగా వచ్చి ఏదో అడిగింది. పెదాలు కదలడం కనిపించింది.

"లైన్ క్లియర్," అన్నాడు.

ఆవిడ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. తరవాత నవ్వింది. ఎందుకు నవ్విందో అడగాలని అతనికి తోచలేదు. ఎడారిలో వాడు ఇసకదిబ్బ ఎక్కుతున్నాడు.

ఆదివారం చీకటి విడుతుండగా దుప్పటి ఎత్తి చూస్తే, ట్యాంకు నిండా పచ్చటి కాంతి. మాట తప్పడంలో పేరుమోసిన ఫణీంద్ర మాట నిలబెట్టుకున్నాడు! ట్యాంకు ముందువైపు చిన్న ఎర్రచుక్క కూడా కనిపించింది. వర్క్‌షాపులో తనిఖీ చేసిన ప్రతి బోల్టుకీ రంగు చుక్క పెడతారు. ‘కంపెనీవాడంటే వీడు! పరీక్ష చేసి మరీ పంపించాడు,’ అని మెచ్చుకున్నాడు.

చేపలు తెస్తానని చెప్పి, దీఘా సముద్రం దాకా ఒక ఊపు ఊపుదామని బయల్దేరాడు. ఇంజన్లో మిగిలిన పాత పెట్రోలుతో బండి కాస్త దూరం రాజాలా వెళ్ళింది. తరవాత దగ్గింది. తుమ్మింది. ఆగింది. మిగతా దారంతా రాజుగారే బండిని తోసుకుంటూ పూరీ గేట్ చేరారు. అక్కడే అగ్గిపుల్లలు ఆరాయి.

"ఫణిగాడే!" అని అరిచాడు ఉమాశంకర్. "పెట్రోల్ బదులు రంగునీళ్ళు పోసినాడు!"

జాయ్ సాక్ష్యం కోసం సీసాడు పచ్చనీళ్ళు పట్టాడు. ఇద్దరూ బండిని తోసుకుంటూ తాల్‌బగీచా చేరేసరికి, ఆదివారం గనక కొళాయి ఇంకా వస్తూనే ఉంది. వీధంతా బిందెలతో అక్కడే ఉంది. సత్యవాణీ ఉంది. ఉమాశంకర్ గబుక్కున దుప్పటిని ట్యాంకుకి రెండు చుట్లు చుట్టాడు.

"బండికి దుప్పటేటండీ?" అంది సత్యవాణి.

"జలుబు సేసింది."

"అందుకేనా, లోపల అంత నీరు సేరింది?"

ఆ మాట పట్టుకునే తీరిక అతనికి లేదు. బిందె పట్టుకుని జారుకుంటున్న ఫణీంద్ర చొక్కా పట్టుకున్నాడు.

"నా బండిలో నీళ్ళు పోసింది నువ్వే!"

"పోలేరమ్మ తోడు, నాను పోయలేదురా! నీళ్ళే కాదు, పెట్రోలూ పోయలేదు. నీ కంట పడకుండా రాత్రంతా మా బామ్మర్ది ఇంట్లో పడుకున్నాను. నిజం!"

అబద్ధమాడితే ఇంతకంటే గౌరవంగా ఆడేవాడు. కాబట్టి నిజమే. మరి ఎవరు? ఉమాశంకర్ కొళాయి గట్టు ఎక్కాడు. జనం చుట్టూ చేరారు. జనాన్ని చూడగానే అతని బుర్రలో మెరుపు మెరిసింది. దొంగని పట్టుకోవడంతోపాటు ఇంట్లో గండం కూడా గట్టెక్కేలా, ఒక్క దెబ్బకి రెండు పిట్టలు!

"అందరూ ఇనండి! ఈ నీళ్ళ యవ్వారానికి తప్పు ఎవరిదైనా సరే, వాళ్ళు మా ఇంటి డాబా మీద నీళ్ళ ట్యాంకు పెట్టించాలి. సొంత ఖర్చుతో! సొంత సేతుల్తో!"

"మొగుడైనా సరే, పెళ్ళామైనా సరేనా?" అంది సత్యవాణి.

"ఎవరైనా సరే!"

"ఏదీ, అదే మాట తిరిగి సెప్పండి."

ఆవిడ తండ్రి నూకయ్య రైల్వే సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసి రిటైరైనవాడు. లైన్ క్లియర్ ఇచ్చేటప్పుడు అవతలివాడు అదే మాటని తిరిగి చెప్పేదాకా ఆయన సిగ్నల్ లివర్ ముట్టుకునేవాడు కాదు. ఆ అలవాటు ఆ ఇంట్లో అందరికీ ఉంది.

ఉమాశంకర్ ఛాతీ విరిచి తిరిగి చెప్పాడు. "తప్పు ఎవరిదైతే వాళ్ళే మా డాబా మీద ట్యాంకు పెట్టాల. ఇదే తీర్పు!"

"ఠీక్ హై," అంది సత్యవాణి. జాయ్ చేతిలో సీసా అందుకుని, మూత తీసి, వాసన చూసి, వీధిలో ఆడవాళ్ళందరికీ చూపించింది. "ఇదేటి వాసనర్రా?"

"పసుపు!" అన్నారు అందరూ ఒక్కసారే.

ఆవిడ దుప్పటి లాగేసింది. పచ్చటి నీళ్ళతో ట్యాంకు ఎండలో ధగధగలాడింది. "మరి ఈ ఎర్ర సుక్కేటి?"

"కంపెనీవాడి తనిఖీ గుర్తు," అన్నాడు ఉమాశంకర్.

"కుంకుం బొట్టండీ అది! కొత్తగా నీళ్ళ ట్యాంకు ఇంటికొస్తే బొట్టెట్టి, మొదటి నీళ్ళు పసుపేసి పోస్తారు. మా ట్యాంకు వచ్చింది, పోసినాను. కొళాయి ఉంది, ప్లాస్టిక్‌ది, తుప్పు పట్టదు. అన్నీ మీరు సెప్పినట్టే ఉన్నాయి. నీళ్ళు పట్టే సోటే కాస్త తక్కువ. బండి మీద ఎందుకు కూకున్నాదో మాత్రం నాకు తెలీదు."

వీధి ఘొల్లుమంది. ఉమాశంకర్‌కి మాత్రం ప్రాణం లేచి వచ్చింది. "ఒప్పుకుంది! అందరూ ఇన్నారా? పోసింది తనే! తీర్పు తనకే!"

"నాను రాత్రి మిమ్మల్ని అడిగినాను," అంది సత్యవాణి నెమ్మదిగా. "‘పెరట్లో దుప్పటి కింద ట్యాంకు సూసినాను. తెల్లారగట్ల పసుపు నీళ్ళు నింపేస్తాను, సరేనా?’ అని మీ ఎదురుగా నిలబడి అడిగినాను. మీరు ఏటన్నారు?"

ఉమాశంకర్‌కి ఎడారి, ఇసకదిబ్బ, కదిలే పెదాలు, ఆ నవ్వు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి.

ఆవిడ కొళాయి దగ్గరి రైల్వే జనం వైపు తిరిగింది. "మీరంతా డిపార్ట్‌మెంట్ మనుసులు. మీరే సెప్పండి. లైన్ క్లియర్ తీసుకుని మరీ బండి వదిలినాక ప్రమాదం జరిగితే, తప్పు ఎవరిది?"

"ఇచ్చినోడిదే!" అంది వీధంతా. అందరికంటే గట్టిగా అరిచింది ఫణీంద్ర.

ఉమాశంకర్ గట్టు మీదే కూలబడ్డాడు. ఓడిపోయాడు, సరే. కానీ ఏం ఓటమి! అతను ఒక్కటంటే ఒక్క అబద్ధం ఆడకుండా మోసం చేస్తే, ఆవిడ ఒక్కటంటే ఒక్క పని దొంగచాటుగా చేయకుండా పట్టేసింది. పైగా అతని తీర్పు అతని నోటితోనే, రెండుసార్లు చెప్పించింది. అసలు ట్యాంకుని చూసినప్పుడు కూడా అంత ముచ్చట పడలేదు అతను. ఇన్నేళ్ళు తన పక్కనే ఇంత పెద్ద ఇంజను నడుస్తుంటే, తను వెళ్ళి ప్లాస్టిక్ ముక్కని చూసి మురిసిపోయాడు!

"మరి బండి?" అన్నాడు పీలగా. "పాత ఇనుం దాదాకేనా?"

సత్యవాణి ట్యాంకు మీద చెయ్యి వేసి నిమిరింది. "అందంగానే ఉంది లెండి. ఉంచుకోండి. డాబా మీదకి ట్యాంకు తేవాలి గదా, దీని మీదే కట్టి తెద్దురు గాని. జాయ్ బాబూ, నీళ్ళు దింపేసి, ఆరబెట్టి, పెట్రోల్ పోయించు. ఫణీంద్ర గారు పోయిస్తారు. మాట మాటేనట గదా!"

ఫణీంద్ర నవ్వు అక్కడితో ఆగింది.

అప్పుడే అరుగు మీంచి అప్పలనర్సమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని కేకేసింది. "ఏటే, ఆ గోల? దొంగ దొరికినాడా?"

"దొరికినాడమ్మా!"

"ఎవుడే ఆడు?"

సత్యవాణి మొగుడి వైపు చూసింది. వీధంతా అటే చూసింది. ఉమాశంకర్ లేచి, తల వంచుకుని, "ఉమాశంకర్," అని గొణిగాడు.

"ఇనపళ్ళేదు! సీతారామా?"

"ఉమాశంకర్!"

"ఏ శంకరూ? గట్టిగా సెప్పు నాయనా!"

ఉమాశంకర్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, పక్క స్టేషను హిజ్లీ దాకా వినపడేలా అరిచాడు.

"మీ అల్లుడు అత్తా! లైన్ క్లియర్ ఉమాశంకర్!"