దిగువ పేటలో కొమ్ముల కప్పకు అధికార నివాసం

మా అత్తగారు దోన్యా ఫెర్మీనాకు సుగుణాలు చాలా ఉన్నాయి. ఎనభై దాటినా సూదిలో దారం తనే ఎక్కించుకుంటుంది. పక్కింట్లో ఏం మాడిందో ఇక్కడ కూర్చునే చెబుతుంది. ఆవిడలో లేనిదల్లా ఒక్కటే, పొరపాటు. నేను ఈ ఇంట అడుగుపెట్టిన నాటి నుంచీ ఆవిడ పొరబడింది లేదు. కూరలో ఉప్పెక్కువైతే తప్పు ఉప్పుది. బస్సు వెళ్లిపోతే తప్పు బస్సుది. కాబట్టి ఇంటికి కావలసిన పొరపాట్లన్నీ, కాలేజీ చదువు వెలగబెట్టిన కోడల్ని కనక, నేనే చేస్తూ వస్తున్నాను. ఎవరో ఒకరు చెయ్యాలి కదా.

వంటింట్లో బల్లగుడ్డలు దాచే పొట్టి చెక్కపెట్టె ఒకటుంది. దాని మీద ఆవిడ ఒక ఫొటో పెట్టుకుంది. మా మామగారిది కాదు. మా సాంతా ఎలోయిసా పట్టణపు మేయరు ఒవీడియో బర్రాగాన్ గారిది. చిన్నప్పుడు ఆయన ముక్కు తుడిచింది ఆవిడేనట. ఆ ముక్కు అలా ఎదిగి మేయరు కావడం ఆవిడకి సొంత విజయం.

మాది దిగువ పేట. పేట వెనక ఒక కాలువ ఉంది. ఉందని పటంలో రాసి ఉంది. అందులో తుంగ, పాత మంచాల స్ప్రింగులు, ఎవరిదో ఒక వాషింగ్ మెషీను కాపురం ఉంటాయి. అందుకని మార్చి వానలకి కాలువలో పట్టని నీళ్లు మా ఇళ్లలోకి వస్తాయి. మా ఫ్రిజ్ వెనక గోడ మీద ఏ ఏటి మరక ఎంత ఎత్తో చూసుకోవచ్చు. కాలువ పూడిక తీయిస్తానని ఒవీడియో గారు ప్రతి ఎన్నికకీ క్రమం తప్పకుండా మాటిచ్చారు. ఈ విషయంలో ఆయన నిలకడని ఎవరూ వేలెత్తి చూపలేరు.

"మాటిచ్చాడుగా, తీయిస్తాడు," అనేది మా అత్తగారు.

"ఎప్పుడత్తయ్యా?"

"తీయించినప్పుడు."

ఈ ఏడాది వానలకి ముందు మేయరు గారు రేడియోలో ప్రసంగించారు. అది చారిత్రకమని పాఠకులు గుర్తించాలి. పూడిక తీయడం తాతల కాలపు పద్ధతి అన్నారు. పారలు, బురద, ఏమిటిదంతా అన్నారు. నాగరిక పురపాలక సంఘాలు వరదని ఆపవు, ముందుగా తెలుసుకుంటాయి అన్నారు. వాన రాబోతుంటే మట్టిలోంచి పైకి వచ్చే మన పంపా మైదానాల కొమ్ముల కప్పని, అంటే మన ఎస్కుయెర్సోని, వరద ముందస్తు హెచ్చరిక అధికారిగా నియమిస్తున్నామని ప్రకటించారు. మొదటి కేంద్రం దిగువ పేటలో, పార్టీ కార్యకర్త అన్సెల్మో గారింట్లో.

అన్సెల్మో నా భర్త. ఆయన పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చాడు.

"నెలీ, ముందుగది ఖాళీ చెయ్యి. కప్ప వస్తోంది."

"కాలువ సంగతేమైంది?"

"అదే చెబుతున్నా. కప్ప వస్తే మేయరు ప్రారంభోత్సవానికి వస్తాడు. వస్తే చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లి కాలువ చూపిస్తా. కళ్లారా చూస్తే మనిషన్నవాడు ఊరుకుంటాడా?"

నేను ముందుగది సర్దడం మొదలెట్టాను. ఆయన వాళ్లమ్మ కొడుకు.

మర్నాడు పురపాలక సంఘం వాళ్లు అధికారి గారి నివాసం దించారు. పార్టీ గెల్చుకున్న బహుమతి కప్పులు పెట్టుకునే గాజు బీరువా అది, మనిషంత ఎత్తు. లోపల తెల్ల పాలరాతి గులకరాళ్లు, రెండు ఫోకస్ లైట్లు, ఒక చిన్న జెండా. కప్ప వేరే వచ్చింది, బిస్కెట్ల డబ్బాలో. బోర్లించిన సూప్ గిన్నెంత ఉంది. ఆకుపచ్చ ఒంటి మీద ముదురు మచ్చలు, కళ్ల మీద రెండు కొమ్ములు, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా నోరు. ముఖంలో ఎవరి మీదా ఏ అభిప్రాయమూ లేదు. పదవికి తగిన ముఖమే.

నేను లైబ్రరీ నుంచి ఒక పుస్తకం తెచ్చి చదివాను. ఈ కప్పకి ఎత్తు అక్కర్లేదు, వెడల్పు చాలు. గులకరాళ్లు కూడదు, తిండనుకుని మింగేస్తుంది. ఎండలా కాసే దీపాలు కూడదు. ఒళ్లు దాచుకునేంత లోతున తడి మట్టి, పైన ఎండుటాకులు, మునిగిపోకుండా లోతులేని పళ్లెంలో నీళ్లు. కుళాయి నీళ్లయితే ఒక రోజు నిలవుంచినవి. వానపాములు వేస్తే తింటుంది. ఊరికే ఎత్తుకుంటే కరుస్తుంది.

"జెండా తీసేస్తున్నావేంటి?" అన్నాడు అన్సెల్మో కంగారుగా.

"మింగుతుంది."

"జెండానా?"

"దానికి అలాంటి తేడాల్లేవు."

బీరువాని పక్కకి పెట్టి, మా పాత చేపల తొట్టెలో పెరటి మట్టి పోసి, ఆకులు పరిచి, గట్టి మూత బిగించాను. కప్పని దించగానే వెనక కాళ్లతో మట్టి తవ్వుకుంటూ వెనక్కి వెనక్కి దిగిపోయింది. సాయంత్రానికి రెండు కళ్లూ, రెండు కొమ్ములూ తప్ప ఏమీ కనబడలేదు. కుర్చీలో అంత త్వరగా, అంత పూర్తిగా కుదురుకున్న అధికారిని మా ఊరు అంతకు ముందు చూడలేదు.

మా అత్తగారు కుర్చీ లాక్కుని తొట్టె ముందు కూర్చుని మాతే ఆకుల కషాయం తాగుతూ పరిశీలించింది.

"వేలు పెట్టకండర్రా. ఎస్కుయెర్సో పట్టిందంటే ఉరిమేదాకా వదలదు."

"పుస్తకంలో అలా లేదత్తయ్యా. నీళ్లలో ముంచితే వదులుతుందని ఉంది."

"నువ్వు పుస్తకం చదివావు. అది చదవలేదుగా."

ఇంతలో విపక్షం అడ్డుపడింది. హెచ్చరిక మొత్తం అధికార పక్షం కప్ప చేతిలో పెడితే ప్రజాస్వామ్యం ఏమైపోవాలని కౌన్సిల్లో బల్లలు చరిచారు. తమ కప్పకీ సమాన స్థానం కావాలన్నారు. మేయరు గారు పెద్దమనసుతో ఒప్పుకున్నారు. విపక్షపు కప్ప కూడా బిస్కెట్ల డబ్బాలోనే వచ్చింది.

"దీన్ని అదే తొట్టెలో పెట్టకూడదండీ," అన్నాను తెచ్చినాయనతో. "ఒకదాన్నొకటి తినేస్తాయి."

"అమ్మా, ఇది సఖ్యతకి సంకేతం. రెండు తొట్టెలంటే ప్రజల్లోకి తప్పుడు సందేశం వెళ్తుంది," అని ఆయనే మూత తీసి లోపల వదిలి వెళ్లాడు.

పొద్దున చూస్తే తొట్టెలో ఒక్క కప్పే ఉంది. దాని నోటి మూలన ఇంకో కప్ప కాలు ఉంది. మిగిలింది ఎవరి కప్పో ఎవరికీ తెలియలేదు. గెలిచింది మాదేనని పార్టీ కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది. మాదేనని విపక్షం ఇంకోటి ఇచ్చింది. కప్ప ఏ ప్రకటనా ఇవ్వలేదు. కూటములు ఇంత ప్రశాంతంగా ముగియడం అరుదు.

అప్పట్నుంచి అన్సెల్మో రోజూ పొద్దున్నే పురపాలక కార్యాలయానికి ఫోన్ చేసి నివేదిక చెప్పేవాడు. "కప్ప కదల్లేదు." రేడియోలో వాతావరణ వార్తల తర్వాత దాన్ని గంభీరంగా చదివేవారు. అంగట్లో కూరగాయలమ్మాయి కూడా చిల్లర ఇస్తూ, "దోన్యా నెలిదా, మన సారు కదిలాడా?" అని అడిగేది. కాలువ సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. అన్సెల్మో ఒక్కడు ఒకసారి ఎత్తాడు. ఫోన్ పెట్టేసి నా దగ్గరికి వచ్చాడు.

"ఏమన్నారు?"

"కాలువ దస్త్రం మూసేశారట. హెచ్చరిక కేంద్రం పెట్టాక దాని అవసరం తీరిపోయిందట."

"ఈ వానలకి ఎలా అని అడిగావా?"

"అడిగాను. కప్ప నుంచి ఏ ఫిర్యాదూ రాలేదుగా అన్నారు."

"ఒవీడియోకి తెలిసి ఉండదు," అంది మా అత్తగారు వంటింట్లోంచి. "కింద వాళ్లు చెప్పరు. రానీ, నేను చెబుతా. ముక్కు తుడిచిన చెయ్యి ఇది."

ప్రారంభోత్సవానికి ముందురోజు గాలి వాన తెచ్చే దక్షిణపు దిక్కుకి తిరిగింది. నేను వానపాములు వెయ్యడానికి మూత తీశాను. కప్ప మట్టిలోంచి పూర్తిగా పైకి వచ్చి, ఒళ్లంతా ఉబ్బించుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి నోరు తెరిచి అరిచింది. ఇంత కప్పలో అంత గొంతు ఉందని నాకు తెలియదు.

అన్సెల్మో వెంటనే ఫోన్ చేశాడు. "కదిలింది. బయటికొచ్చింది. అరుస్తోంది."

అవతలివాళ్లు చెప్పింది విని నెమ్మదిగా ఫోన్ పెట్టాడు. "కేంద్రం ఇంకా ప్రారంభం కాలేదట. ప్రారంభం కాని కేంద్రం హెచ్చరిక చెల్లదట. రేపు మేయరు రిబ్బను కత్తిరించాక అరవమని చెప్పమన్నారు."

"చెప్పు మరి."

ఆయన నా కేసి చూశాడు. పాపం, క్షణంసేపు నిజంగానే తొట్టె కేసి తిరిగాడు. తర్వాత ఫ్రిజ్ వెనక గోడ మీది మరకల కేసి చూసి, పరుపులు ఎత్తి బల్ల మీద పెట్టడం మొదలెట్టాడు.

మర్నాడు మబ్బు కిందికి దిగింది. మేయరు గారు లేత బూడిద రంగు సూటులో వచ్చారు. పార్టీ ఊరేగింపుల్లో పెద్ద డ్రమ్ము వాయించే ఎవారిస్టో ముందు నడిచాడు. వీధిలో రొట్టెల మధ్య సాసేజ్‌లు పెట్టి పంచారు. రిబ్బను కత్తిరించారు. అన్సెల్మో ఆయన చెయ్యి పట్టుకుని, "పెరట్లోకి ఒక్క నిమిషం, కంపన్యేరో," అన్నాడు పార్టీ సహచరుణ్ని పిలిచే పిలుపుతో.

"ముందు ఫొటో, కంపన్యేరో," అన్నారు మేయరు గారు. "కప్పని చేతిలోకి తీసుకుంటే బాగుంటుంది. ప్రజలకి దగ్గరగా."

"కరుస్తుందండీ," అన్నాను.

"నన్నా?" అన్నారాయన చిరునవ్వుతో. ఆ చిరునవ్వు ఫొటోలో చక్కగా వచ్చింది. తర్వాతి ఫొటోలో లేదు.

కప్ప ఆయన చూపుడు వేలిని సగం దాకా మింగి నోరు మూసుకుంది. ఆయన చెయ్యి విదిలించారు. కప్ప వేలితో పాటు ఊగింది గాని వదల్లేదు. ఒకరు కప్పని పట్టి లాగారు, ఇంకొకరు ఆయన్ని పట్టి లాగారు. ఆయన ముఖం సూటు రంగుకి వచ్చాక కుర్చీలో కూర్చోబెట్టాం. చెయ్యి పక్కకి వేలాడింది, చివర కప్ప.

"ఉరమాలి," అంది మా అత్తగారు. "ఉరిమితేనే."

"బకెట్టులో నీళ్లున్నాయి," అన్నాను. "చెయ్యి ముంచితే చాలు."

మేయరు గారు కళ్లు తెరిచి ఫొటోగ్రాఫరు కేసి చూశారు. "వరద కేంద్రంలో, బకెట్టులో చెయ్యి పెట్టి మేయరా? రేపు పేపర్లో ఏం రాస్తారు? బకెట్టు తీసెయ్యమ్మా. ఎవారిస్టో, ఉరుము."

ఎవారిస్టో ఉరిమాడు. మా ముందుగదిలో, గాజు గ్లాసులు చిట్లేలా. కార్యకర్తలు బయట పైకప్పు రేకుల మీద బాదారు. కప్ప కళ్లు మూసుకుని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. ఈ దశలో మేయరు గారు చూపిన ధైర్యం చెప్పుకోదగ్గది. ఆ చేత్తోనే సైగ చేస్తూ, కప్పకీ పాలకుడికీ మధ్య విడదీయరాని బంధం గురించి ప్రసంగం పూర్తి చేశారు.

అప్పుడు నిజంగా ఉరిమింది. కిటికీలు కదిలాయి. అందరూ వేలి కేసి చూశారు. కప్ప వదల్లేదు. మళ్లీ ఉరిమింది. వదల్లేదు. వాన మొదలైంది. మా అత్తగారు కప్ప కేసి, ఆకాశం కేసి ఒకటికి రెండుసార్లు చూసింది.

నీళ్లు ఎప్పటిలాగే పెరటి గుమ్మంలోంచి వచ్చాయి. ముందు సాసేజ్‌ల వాడు వెళ్లాడు, తర్వాత ఫొటోగ్రాఫరు, ఆ తర్వాత పార్టీ. ఎవారిస్టో డ్రమ్ముని తల మీద పెట్టుకుని వెళ్లాడు. మేయరు గారు లేవలేక కుర్చీలోనే ఉన్నారు. నీళ్లు పాదాలకి వచ్చాయి, పిక్కలకి వచ్చాయి. మోకాలి దగ్గరికి వచ్చేసరికి వేలాడుతున్న చెయ్యి మునిగింది.

కప్ప నోరు తెరిచింది. వేలు వదిలి, ఒకసారి చుట్టూ చూసి, కాళ్లు చాపి పెరటి గుమ్మంలోంచి కాలువ వైపు ఈదుకుంటూ వెళ్లిపోయింది. ఆ కాలువని స్వయంగా పరిశీలించడానికి వెళ్లిన మొదటి పురపాలక అధికారి అదే.

"చూశారా," అన్నారు మేయరు గారు వేలికి జేబురుమాలు చుట్టుకుంటూ. "నీళ్లు రాగానే స్పందించింది. వ్యవస్థ పనిచేసింది."

"కంపన్యేరో, పెరడు," అన్నాడు అన్సెల్మో. "ఇక్కణ్నుంచే కనబడుతుంది. కొంచెం ఇటు తిరిగితే చాలు."

బయట ట్రాక్టరు వచ్చింది. మేయరు గారు అటు తిరిగి, ఎక్కి, ఆరోగ్యంగా ఉన్న చేత్తో మాకు అభివాదం చేస్తూ వెళ్లిపోయారు.

మేము ముగ్గురం వంటింట్లో భోజనాల బల్ల ఎక్కి, పరుపుల మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నాం. చెక్కపెట్టె మునిగిపోయింది. దాని మీది ఫొటోలో నీళ్లు టై ముడి దాకా వచ్చాయి. పైన చిరునవ్వు మాత్రం పొడిగానే ఉంది. మా అత్తగారు దాన్నే చూస్తూ కూర్చుంది.

"నెలిదా," అంది చివరికి. "నేను పొరబడ్డాను."

అన్సెల్మో బల్ల మీంచి పడబోయి నిలదొక్కుకున్నాడు. "కప్ప విషయంలోనా అమ్మా?"

"కప్పదేముందిరా," అంది ఆవిడ ఫొటో మీంచి చూపు తిప్పకుండా. "అది వదిలేసిందిగా."